చేతకాదని రుజువు

చదువు కోసం చేసిన అప్పు అంత సులువుగా చావదట. ఆ సంగతి చెప్పింది చిన్నలాయరు. కోర్టు మేడ మీద, జిరాక్సు మిషను వెనకాల, బీదాబిక్కికి ఉచితంగా సలహా చెప్పే గదిలో కూర్చునే అమ్మాయి. వయసు ముప్ఫై లోపే గానీ మాట మాత్రం తల నెరిసినదానిలా ఉంటుంది.

"ఐపీ పెడితే మిగతా అప్పులన్నీ పోతాయండీ," అంది కాగితాలు తిప్పుతూ. ఐపీ పెట్టడమంటే కోర్టుకెళ్లి, నా దగ్గరేమీ మిగల్లేదు మహాప్రభో, దివాలా తీశాను అని రెండు చేతులూ ఎత్తేయడం. "కొట్టు పెట్టి మునిగారనుకోండి, ఆ అప్పు పోతుంది. ఆస్పత్రి బిల్లు పోతుంది. పేకాటకు చేసినా పోతుంది. చదువు అప్పొక్కటే పోదు."

"పేకాటది కూడా పోతుందాండీ?"

"పోతుంది."

నిలబడి వింటున్న మనిషి నవ్వాలో ఏడవాలో తెలియక చేతిసంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. ఆమెకు నలభై దాటాయి. పెద్దాస్పత్రి నేలమాళిగలో దుప్పట్లు ఉతికే చోట పదకొండేళ్లుగా పని. అక్కడ అందరూ ఆమెను మేనేజరమ్మ అంటారు. గౌరవంతో కాదు. ఒకప్పుడు ఆస్పత్రుల మేనేజ్‌మెంటు అనే కోర్సులో చేరింది కదా, అందుకని.

"చదువుదీ పోవాలంటే మనం వేరేగా ఒక రుజువు చెయ్యాలి," అంది చిన్నలాయరు.

"ఏమని?"

"మీకు చేతకాదని. కడితే పూట గడవదని ఒకటి. ఇకముందు కూడా మీరు బాగుపడరని రెండు. ఇన్నాళ్లూ నిజాయితీగా కట్టడానికి చూశారని మూడు. మూడోదానికి బెంగ లేదు. తీసుకున్నదానికన్నా ఎక్కువే కట్టారు, రసీదులున్నాయి. నాకు భయమల్లా రెండోదే."

"నేను బాగుపడనని ఎవరు చెప్పాలండీ?"

"మీరే. ప్రమాణం చేసి."

ఎంత చక్కటి న్యాయమో చూడండి. పేకముక్కల్లో పోగొట్టుకొచ్చినవాడు చెయ్యెత్తితే చాలు, పదవయ్యా ఇంటికి అంటుంది. నాలుగక్షరాలు నేర్చుకుందామని పోయినదాన్ని మాత్రం నిలబెట్టి, నువ్వు దేనికీ పనికిరావని పదిమందిలో ఒప్పుకుంటేనే వదులుతానంటుంది.

చిన్నలాయరు ఆమెను కింది నుంచి మీదికి ఒకసారి చూసింది. తెల్ల చొక్కా, మడత నలగలేదు. జుట్టు దువ్వి ముడేసి ఉంది. "గురువారం కోర్టుకు ఇలా రాకండి."

"ఎలా?"

"ఇంత శుభ్రంగా."

"బట్టలుతికే చోట పని చేస్తూ మురికిగా ఎలా వస్తానండీ? మా అమ్మ గడప దాటనిస్తుందా?"

ఆ అమ్మాయి నిట్టూర్చి ఇంకో కాగితం తీసింది. "హామీదారు ఒకాయన ఉన్నారు. మీ మామయ్య. ఆయనకూ నోటీసు వెళ్లింది. మీ మీద అప్పు కొట్టేస్తే అది ఆయన మీద నిలుస్తుంది. ఈ ముక్క ఆయనకు తెలుసా?"

మేనేజరమ్మ సంచీ మళ్లీ ఇంకో భుజానికి మార్చుకుంది. "తెలియదనుకుంటానండీ," అంది.

*

ఆస్పత్రి మూడంతస్తుల మాసిన బట్టలూ ఒక రేకు గొట్టంలోంచి జారి నేలమాళిగలో పడతాయి. వాటిని విప్పి, దులిపి, నెత్తురంటినవి ఒకవైపు, మందులంటినవి ఒకవైపు వేరు చేయాలి. దులపడంలోనే ఉంది ప్రాణం. సూదులుంటాయి, కత్తెరలుంటాయి, ఒకసారి ఎవరిదో పళ్లసెట్టే దొరికింది. ఉతికినవి తడి బరువుతో బయటికొస్తాయి. ఇద్దరు ఇవతల నిలబడి అంచులు సాగదీసి వేడి రోలరుకు అందిస్తే, అవతల ఇద్దరు పట్టుకుని మడత పెడతారు. చెయ్యి ఒక్క అంగుళం ముందుకు పోయిందా, చర్మం దుప్పటితో పాటే ఇస్త్రీ అవుతుంది. మేనేజరమ్మ కుడి ముంజేతి మీద అలాంటి మచ్చలు మూడున్నాయి. పది వేళ్లూ బ్లీచింగుకు పగిలి, చలికాలం వస్తే నెత్తురు కారతాయి.

మంగళవారం పొద్దున ఆమెకు ఎదురుగా రెండో అంచు పట్టుకున్నది రోలరక్క. ఇరవై రెండేళ్లుగా ఆ రోలరు దగ్గరే ఉంది గనక ఆ పేరు. నోరు పెద్దది, మనసు అంతకంటే కాస్త చిన్నదైనా మంచిదే.

"ఏమే మేనేజరమ్మా, ఐపీ పెడుతున్నావంట? మా మరిదిలాగా?"

"మీ మరిది ఎందుకు పెట్టాడక్కా?"

"కోళ్లఫారం. కోళ్లు చచ్చాయి, అప్పు చచ్చింది, వాడు మాత్రం దుక్కలా ఉన్నాడు. కొత్త బండి కూడా కొన్నాడు." దుప్పటి రోలరులోకి జారిపోయింది. రోలరక్క ఇంకో తడి దుప్పటి తీసి ఒక అంచు ఆమె చేతికిచ్చి, రెండోది తను పట్టుకుంది. "నీది ఎందుకు చావదంట?"

"చదువు కదా. బుర్రలో ఉందట. వెనక్కి తీసుకోవడం కుదరదు గనక అప్పు కూడా పోదట."

"బుర్రలో ఏముందే, ఆ కాలేజీ రెండో ఏడే ఎత్తేశాడు కదా వాడు?"

"ఎత్తేశాడు."

"పట్టా కూడా ఇవ్వలా?"

"ఇవ్వలా."

"మరి బ్యాంకోడు నీ బుర్రలోకి తొంగి చూశాడా ఏం?" అని రోలరక్క తనే పగలబడి నవ్వింది. నవ్వుతూనే అంచు గట్టిగా లాగింది. అవతలివాళ్లు "ఓయ్!" అని కేకేశారు.

ఆ కాలేజీకి గోడల కంటే ముందు బోర్డు లేచింది. అద్దాల గుమ్మం, టై కట్టుకున్న చైర్మను. కాలేజీ గురించి అచ్చేసి పంచిన రంగురంగుల పుస్తకం మీద తెల్లకోటు పిల్లలు నవ్వుతూ ఉండేవారు. ఆ నవ్విన పిల్లలెవరూ ఆ కాలేజీవాళ్లు కారు. అప్పు కాగితాలు కూడా కాలేజీవాళ్లే పూర్తి చేసి, ఇక్కడా ఇక్కడా సంతకం పెట్టండమ్మా అని వేలితో చూపించేవారు. చేపకు ఎర చూపించినంత శ్రద్ధగా.

*

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ చొక్కాలకు గుండీలు కుడుతోంది. కుట్టుడు కొట్టువాడు మూటలిచ్చి పోతాడు. కూతురి జీతంలో మూడోవంతు బ్యాంకువాళ్లు చేతికి రాకముందే కోసుకుంటారు గనక, అరవై ఏడేళ్ల ముసలమ్మ కిటికీ వెలుగులో సూది పట్టుకోవలసి వచ్చింది. దారం ఎక్కించడానికి నాలుగుసార్లు గురి తప్పుతుంది. "ఈ కేసొకటి తేలితే నీ సూది తీసి కిటికీలోంచి పారేస్తానమ్మా," అని కూతురు చెప్పి నెలైంది.

ఇద్దరూ లాయరిచ్చిన కాగితం పూర్తి చేస్తున్నారు.

"ఏం రాస్తున్నావే?"

"కంప్యూటరు పని చేతకాదు."

"ఎందుకు చేతకాదు? నేర్పితే వారంలో పడతావు. కొట్టెయ్."

"అమ్మా, చేతకాదనే రాయాలి."

"సరే రాయి. తర్వాత?"

"నలుగురిలో మాట్లాడడం చేతకాదు."

"ఎవరే చెప్పింది? ఇంటిగలామె అద్దె పెంచుతానంటే ఎలా మాట్లాడావు! ఆమె నోరు మూతపడింది. అదీ కొట్టెయ్." అలా తల్లి కొట్టేయించినవి పోగా కాగితం మీద మిగిలింది ఒక్కటే. సంగీతం రాదు.

మామయ్య వచ్చేసరికి వాళ్లింకా నవ్వుతూనే ఉన్నారు. ఆయన అమ్మకు అన్న. స్నానాలగదుల పలకలు, కొళాయిలు అమ్మే పెద్ద కొట్టుంది. ఏ పెళ్లికెళ్లినా, ఏ చావుకెళ్లినా మేనకోడలి వైపు చూపించి, "నేనే చదివించాను. నా సంతకం లేకపోతే దీనికి చదువెక్కడిది?" అనడం ఆయనకు ఆనవాయితీ. ఆ మాట తర్వాత, "ఏం లాభం, దుప్పట్లుతుకుతోంది," అనడం కూడా.

చెప్పులతోనే లోపలికి వచ్చాడు. చేతిలో నోటీసు.

"ఏంటే ఇది? ఐపీ ఏంటి? మన వంశంలో ఐపీ పెట్టినవాళ్లున్నారా?"

"కూర్చోండి మామయ్యా."

"కూర్చోడానికి రాలేదు. మా లాయరు చదివి చెప్పాడు. నీ అప్పు కొట్టేస్తే నా నెత్తిన పడుతుందట. ఉత్తపుణ్యానికి! రేపు పొద్దున్నే వెళ్లి ఆ కేసు వెనక్కి తీసుకో."

అమ్మ సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది. "నువ్వేగా అన్నయ్యా, నేనే చదివించానంటావు?"

"అంటాను. సంతకం పెట్టానా లేదా? కడతానన్నానా?"

"మరి సంతకం దేనికి పెడతారంటావు?"

"మర్యాదకు!" అన్నాడాయన. నిజంగానే నమ్ముతున్నాడు ఆ మాట. "బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చుని కాఫీ ఇప్పిస్తే కాదంటామా? ఇంకో పంతొమ్మిదేళ్లు కట్టుకో. నీకేం, ఒంటిదానివి. జీతం వస్తోంది, తింటున్నావు, ఇదిగో ఇస్త్రీ బట్టలు కడుతున్నావు. బుద్ధున్నవాళ్లు చదువుకుంటే ఆఫీసర్లవుతారు. నీకు అబ్బలేదు, అది నా తప్పా?"

మేనేజరమ్మ పంతొమ్మిదేళ్లుగా ఆయనకు ఎదురు చెప్పలేదు. ఆయన సంతకం పెట్టాడన్న మాట ఒకటుంది కదా, అది గొంతులో చేపముల్లులా అడ్డం పడేది. నీళ్లు తాగినా దిగదు, దగ్గినా పోదు. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

"గురువారం నేనూ వస్తాను," అని మామయ్య మెట్లు దిగుతూ అన్నాడు. "ఎలా కొట్టేస్తారో చూస్తాను."

*

కోర్టు హాలు చిన్నది. ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేస్తున్నాయి, అందరూ వాటి మీద చేతులుంచి కూర్చున్నారు. జడ్జిగారికి జలుబు. బ్యాంకు లాయరు లేవగానే ముందు ఆయన సెంటు లేచింది.

మేనేజరమ్మ ముందే అనుకుంది, తిడతాడని. ఎలా తిట్టినా తల దించుకోవాలని ఇంట్లో నేర్చుకుని వచ్చింది. ఆయన తిట్టలేదు. పొగిడాడు.

"పదకొండేళ్లలో మీరు పనికి రాని రోజులు నాలుగే. నిజమేనా?"

"నిజమేనండి."

"మీ సూపర్‌వైజరు రాశారు. చురుకైన మనిషి, తెలివైన మనిషి, బాధ్యత గల మనిషి. ఇందులో అబద్ధమేమైనా ఉందా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆ సూపర్‌వైజరు ఏనాడూ ఆమెను ఏయ్ అని తప్ప పిలవలేదు.

"మీరు చదివింది ఆస్పత్రుల మేనేజ్‌మెంటు. పని చేస్తున్నది ఆస్పత్రిలో. అంటే చదువు అక్కరకొచ్చినట్టే కదా? ఇంత ప్రతిభ ఉన్న మహిళకు భవిష్యత్తు లేదంటే నేను నమ్మలేను."

"దుప్పట్లు మడత పెట్టడం ఆ పుస్తకాల్లో లేదండీ," అంది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

పుట్టి బుద్ధెరిగాక ఆమెను అంతలా మెచ్చుకున్నవాడు లేడు. ఇప్పుడు మెచ్చుకున్నవాడేమో, మెచ్చుకోలు మాటకు ఇంత అని లెక్క కట్టి బాకీ రాబట్టుకోవడానికి వచ్చినవాడు. కసాయివాడికి గొర్రె మీద ఉండే ప్రేమ అంటే అదే. ఎంత బలంగా ఉందో నోరారా చెబుతాడు.

తర్వాత చిన్నలాయరు లేచింది. ఆ పిల్ల చెయ్యగలిగింది చేసింది. "ఈమెకు పట్టా లేదు. నైపుణ్యం లేదు. ఈ వయసులో ఇంకొకటి నేర్చుకునే శక్తీ లేదు. ఇంతకంటే మంచి ఉద్యోగం ఈమెకు ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా చెయ్యలేదు."

"ఎవరమ్మా నువ్వు ఆ మాట అనడానికి?"

హాలంతా వెనక్కి తిరిగింది. అమ్మ బెంచీ పట్టుకుని లేచి నిలబడింది. "నా కూతురికి చేతకానిదేముంది? పన్నెండో ఏట నాకు జ్వరమొస్తే ఇల్లంతా నడిపింది! వాళ్ల లాయరే నయం, పద్ధతిగా మాట్లాడాడు!"

బ్యాంకు లాయరు అమ్మ వైపు తిరిగి తల వంచి నమస్కారం పెట్టాడు. చిన్నలాయరు కళ్లు మూసుకుంది. జడ్జిగారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అది జలుబుకో నవ్వుకో చెప్పలేం.

"కూర్చోండమ్మా," అన్నారు. "హామీదారు ఎవరు?"

మామయ్య బోనెక్కాడు. కొత్త చొక్కా. ప్రమాణం గట్టిగా చేశాడు. జడ్జిగారు ఫైలు ముందుకు తోసి, ఇది మీ సంతకమేనా అని అడిగితే, కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, కాగితాన్ని దూరంగా దగ్గరగా జరిపి చూశాడు.

"కాదండీ."

అమ్మ మళ్లీ బెంచీ పట్టుకుంది.

"కాదా?"

"కాదండీ. నేనా రోజు ఊళ్లోనే లేను. ఈ అప్పు సంగతి నాకు నోటీసు వచ్చాకే తెలిసింది. ఆ కాలేజీవాళ్లే ఎవరో గీకి ఉంటారు. ఎంతమందిని ముంచారో కదా వాళ్లు!"

బ్యాంకు లాయరు లేచాడు. సెంటు వాసన కూడా తగ్గినట్టనిపించింది. జడ్జిగారు పెన్ను పక్కన పెట్టి, మెల్లగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. హామీ సంతకం దొంగదైతే ఫైలే దొంగది. కాలేజీ పంపిన దొంగ ఫైలు చూసుకోకుండా అప్పిచ్చినందుకు బ్యాంకుదే తప్పు. అప్పుడు చేతకావడం, చేతకాకపోవడం అన్న గొడవే లేదు. అప్పు మొదలంటా కొట్టివేయాల్సిందే.

"ఆ రోజు మీరు అక్కడే ఉన్నారు కదా?" అని మేనేజరమ్మనడిగారు. "ఈయన సంతకం పెట్టడం చూశారా?"

చిన్నలాయరు ఆమె మోచేతి దగ్గరకు వంగింది. గొంతులో సంతోషం దాగడం లేదు. "గుర్తులేదనండి. పంతొమ్మిదేళ్లైంది, ఎవరూ తప్పుపట్టరు. గుర్తులేదు. ఒక్క మాట. అయిపోతుంది."

నిజమే, ఒక్క మాట. జీతం మొత్తం చేతికొస్తుంది. అమ్మ వేళ్లకు విశ్రాంతి. ఇక ఎవరి ముందూ నేను పనికిరానిదాన్నని చెప్పుకోనక్కర్లేదు. మామయ్య బోనులోంచి ఆమె వైపే చూస్తున్నాడు. కళ్లతో చెబుతున్నాడు. చూశావా, ఇద్దరికీ దారి చేశాను. ఆ చూపులో మళ్లీ అదే ఉంది, పెళ్లిళ్లలో చావుల్లో ఉండేది. నేనే నిన్ను గట్టెక్కించాను అనేది. రేపటి నుంచి ఆ మాట మొదలవుతుంది. కోర్టులో నేను కాదనకపోతే దీని గతేమయ్యేది?

ఆమె ఆయన్ని మొదటిసారి పూర్తిగా చూసింది. కొత్త చొక్కా మెడ దగ్గర దుకాణంవాడి గుండుసూది ఇంకా తీయలేదు. ఇంతేనా ఈయన, అనుకుంది. ఇంత మనిషికా ఇన్నాళ్లూ తల వంచాను?

"చూశానండి. ఆయనే పెట్టారు."

మామయ్య "ఏమే!" అన్నాడు.

"మూడు చోట్ల పెట్టమన్నారు. ఆయన ఊపులో నాలుగు చోట్ల పెట్టారు. చివరి పేజీలో బ్యాంకు గుమాస్తా సంతకం పెట్టాల్సిన చోట కూడా ఆయనదే ఉంటుందండి. గుమాస్తా నవ్వి, పక్కన చిన్నగా తనది పెట్టుకున్నాడు."

జడ్జిగారు చివరి పేజీ తీశారు. చాలాసేపు చూశారు. తిప్పి మామయ్యకు చూపించారు. ఆయన ఈసారి కళ్లజోడు తుడవలేదు.

"ఇలా చెబితే నష్టం మీకేనమ్మా. తెలుసా?"

"తెలుసండి. ఈయన సంతకం పెట్టారన్న మాటను ఇన్నేళ్లూ మోశాను. పెట్టలేదన్న మాటను కూడా మోయమంటే మోయలేను. అప్పే నయం."

చిన్నలాయరు కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

భోజనాల తర్వాత తీర్పు చదివారు. జలుబు గొంతుతో, తల ఎత్తకుండా, కూరల చీటీ చదివినట్టు. కాలేజీ మూతబడింది, పట్టా రాలేదు. ఆమె తీసుకున్నదానికంటే ఎక్కువే కట్టింది, వడ్డీ మాత్రం కట్టినకొద్దీ పెరుగుతోంది. మనిషి పని బాగా చేస్తుందన్నది రుజువైంది. ఎంత బాగా చేసినా ఈ అప్పు తీరదన్నది కూడా రుజువైంది. చేతకానితనం ఆమెది కాదు, ఆ వడ్డీని తీర్చడం మనిషన్నవాడి వల్ల కాదు. కాబట్టి ఆమె మీద అప్పు కొట్టివేయడమైనది. హామీదారు సంతకం నిజమైనదే గనక ఆయన మీద నిలుస్తుంది. ప్రమాణం చేసి అబద్ధమాడిన సంగతి వేరేగా విచారిస్తారు.

బ్యాంకు లాయరు కాగితాలు సర్దుకుంటూ మామయ్య వైపు చూశాడు. ఆ చూపులో అప్పుడే మెచ్చుకోలు మొదలైంది. పెద్ద కొట్టు, మంచి బేరం, చురుకైన మనిషి.

*

వరండాలో అమ్మ కూతురి ముంజేయి పట్టుకుని నడుస్తోంది. నడకలో తొందరుంది. మధ్యాహ్నం షిఫ్టు మూడింటికి. బస్సు దొరికితే అందుకోవచ్చు.

"అమ్మాయీ."

మామయ్య కిటికీ దగ్గర గోడకానుకుని ఉన్నాడు. మెడ దగ్గర గుండుసూది గుచ్చుకుంటోంది కాబోలు, వేలితో వెతుక్కుంటున్నాడు. ఆయన ఎన్నడూ ఆమెను అమ్మాయీ అనలేదు.

"ఒక మాట. అదే... ఆ ఐపీ. నాకు కూడా వర్తిస్తుందా?"

"చదువు అప్పు కదా మామయ్యా, ఊరికే పోదు," అంది. వెటకారం లేదు. తెలిసిన పని ఇంకొకరికి చూపిస్తున్నప్పుడు ఉండే గొంతు. "మీకు చేతకాదని రాసివ్వాలి. ఇకముందు కూడా బాగుపడరని. తర్వాత బోనెక్కి అదే చెప్పాలి."

"అందరి ముందూనా?"

"అందరి ముందే."

ఆయన కిటికీలోంచి కిందికి చూశాడు. కింద ఎవరో సైకిలుకు తాళం తీస్తున్నారు. "ఎక్కడిస్తారు ఆ కాగితాలు?" అన్నాడు.

"ఇదే మేడ మీద, జిరాక్సు మిషను వెనక గది. పదిన్నరకు తీస్తారు. తొమ్మిదింటికే వచ్చి వరసలో నిలబడండి, పదిహేను మందికే చీటీలిస్తారు. అన్నీ రెండేసి కాపీలు తెచ్చుకోండి."

ఆయన తల ఊపాడు. పెదాలు కదిలాయి, తొమ్మిది, పదిహేను, రెండేసి అని గుర్తుపెట్టుకుంటున్నట్టు.

అమ్మ రెండడుగులు వేసి ఆగింది. ఎంతైనా తోడబుట్టినవాడు. వెనక్కి తిరిగింది.

"వచ్చేటప్పుడు చిన్న స్టూలొకటి తెచ్చుకో అన్నయ్యా. అక్కడ కూర్చోడానికేం ఉండదు."